గుండ్లకుంట తుంగ

చాపల రుక్కమ్మ వాకిట్లో కొత్తగా ఏది అడుగుపెట్టినా, అది వస్తువైనా మనిషైనా, ముందు రెండు మాటలు పడాల్సిందే. మేం మదీనాగూడలో ఆవిడ ఇంట్లో అద్దెకు దిగిన రోజున ఆ మాటలు పడింది మా చాప.

అది డెబ్బయ్యో సంవత్సరం. మా ఆయన సోమేశ్వరరావుకు రామచంద్రాపురం కర్మాగారంలో స్టోర్సు గుమాస్తాగా ఉద్యోగం వచ్చింది. క్వార్టర్లు ఇప్పట్లో రావన్నారు. అంతకుముందు ఏడాది జరిగిన తెలంగాణ గొడవల వేడి ఇంకా చల్లారలేదు కనక, కోస్తా వాళ్లకు ఇల్లివ్వడానికి ఊళ్లో అందరూ వెనకాడారు. రుక్కమ్మ మాత్రం, "ఆంధ్రోళ్లయితే ఏంది? ఆళ్లకు ఆకలి గాదా, నిద్ర రాదా?" అని తన ముందుగది ఖాళీ చేసి ఇచ్చింది. ఇచ్చినావిడ ఊరుకుంటుందా? బండిలోంచి సామాను దింపుతుంటే గడప మీద కూర్చుని పరీక్ష మొదలుపెట్టింది.

"గిది చాపనా?" అంది, మా ఈతాకు చాపను కాలి బొటనవేలితో తోసి. "దీని మీద పండుకుంటే పొద్దుగాల ఈపు మీద గీతలు లెక్కవెట్టొచ్చు."

నాకు ఒళ్లు మండింది. అది మా అమ్మ చేతిచాప. అమ్మ పోయాక పుట్టింటినుంచి నాకు మిగిలింది అదే. "మా చాపకేమండీ, మహారాజులా ఉంది. మీకు నచ్చకపోతే మీరు పడుకోకండి," అన్నాను. మా ఆయన నా కొంగు లాగాడు. ఆయనకు జీవితమంతా నా కొంగు లాగడంతోనే సరిపోయింది, పాపం.

రుక్కమ్మ నన్ను కిందినుంచి మీదికి చూసి పకపకా నవ్వింది. "నోరున్న పిల్లనే. పేరేంది?"

"బాలాత్రిపురసుందరండీ."

"గంత పేరా! పిలిచేలోపట అన్నం సల్లారుతది. సుందరమ్మ అంట."

నేను పిన్నిగారూ అని పిలిస్తే అదీ నచ్చలేదు. "పిన్నేంది, సన్నగ ఎలుక పిలిచినట్టు? చిన్నమ్మ అను," అంది. అలా ఆ పూటకి నా పేరు సగమైంది, నాకొక చిన్నమ్మ దొరికింది. సాయంత్రం ఆవిడే తన తుంగచాప ఒకటి తెచ్చి గదిలో పరిచి, మా ఈతచాపను చుట్టి గోడకు ఆనించింది. నేను రోషంతో ఈతచాప మీదే పడుకుందామనుకున్నాను. చెయ్యి ఆనించి చూస్తే తుంగచాప చల్లగా, మెత్తగా, కొత్తకుండలో నీళ్లలా ఉంది. రోషం తెల్లారాక చూసుకోవచ్చని దాని మీదే పడుకున్నాను.

రుక్కమ్మకు అప్పటికి యాభై దాటి ఉంటాయి. నల్లగా, పొడుగ్గా, మోకాళ్ల పైకి గోచీ పోసి కట్టిన చీరతో ఉండేది. పెనిమిటి కొండాపూర్ వైపు బండలు కొట్టే పనిలో పోయాడు. పిల్లల్లేరు. అత్త నేర్పిన చాపల పని ఒక్కటే చేతికి మిగిలింది. తమ్ముడు ఐలయ్య బోరబండలో ఉండేవాడు, సనత్‌నగర్ ఫ్యాక్టరీలో కాపలా పని. మంచివాడు. పండగకీ పబ్బానికీ వచ్చి, "అక్కా, ఒక్కదానివి ఎందుకే గీడ? మా ఇంట్ల ఉండరాదు?" అనేవాడు.

"నీ ఇంట్ల తిన్న ముద్ద అరుగుతదిరా, కాని ఈ చేతులు ఊకుంటయా?" అనేది ఆవిడ. తమ్ముడి ఇంట్లో ఓ మూల కూర్చుని, మరదలు వడ్డిస్తే తినే బతుకు ఆవిడకు పనికిరాదు. ఆవిడకున్న భయం అదొక్కటే. పాములకు భయపడేది కాదు, పటేళ్లకు భయపడేది కాదు, ఆ కంచానికి మాత్రం భయపడేది.

ఆవిడ ధైర్యమంతా గుండ్లకుంటలో ఉండేది. ఊరి వెనక పెద్దపెద్ద రాతిగుండ్ల మధ్య చిన్న కట్ట, కట్ట వెనక కుంట, కుంట లోతు తక్కువగా ఉన్న ఒడ్డు పొడుగునా తుంగ. దూరంనుంచి చూస్తే నాకది గడ్డిలాగే కనపడింది. ఆ మాట అన్నందుకు రుక్కమ్మ ఒక కాడ తెంపి నా వేళ్ల మధ్య పెట్టి దొర్లించమంది. దొర్లలేదు, వేళ్లకు అంచులు తగిలాయి. "గడ్డి గుండ్రంగుంటది. తుంగకు మూడంచులు. కండ్లతోని గాదు, వేళ్లతోని సూడాలె," అంది.

తుంగ గురించి ఆవిడకు చాదస్తం. అది మాత్రం ఒప్పుకోవాలి. దానికి ఒండ్రుమట్టి కావాలి, ఇసక పనికిరాదు. చెట్టు నీడ పడకూడదు. వానాకాలం నీళ్లు మెల్లగా ఎక్కుతుంటే తుంగ కూడా నీళ్లతోపాటు ఎక్కుతుంది. మోకాలిలోతు నీళ్లుంటే మనిషి ఛాతీదాకా లేస్తుంది. ఒకేసారి మీదనుంచి నీళ్లు కమ్మితే మాత్రం తట్టుకోలేదు. ఎండాకాలం కుంట ఎండిపోయినా దాని వేరుదుంప నల్లమట్టిలో నిద్రపోయి, తొలకరికి మళ్లీ మొలకేస్తుంది. "ఎండితే నిద్ర, మునిగితే సావు," అనేది రుక్కమ్మ. "మనుషులకు ఉల్టా అనుకుంటరు గని, దీనికి దాహం మంచిదే."

ఏటా కార్తీకంలో కోత. ముందు కట్టమైసమ్మ రాయికి పసుపు పూసి, బెల్లపన్నం పెట్టి, అప్పుడు కొడవలి ముట్టేది. కోతకు ఒక కట్టుబాటు ఉంది. నీటి మీద జానెడు మొదలు వదిలి కొయ్యాలి. ఎంత ఆశ ఉన్నా కొడవలి నీళ్లలో ముంచకూడదు. "గా మొదలుతోనే అది ఊపిరి దీస్తది. మునిగిందనుకో, లోపటికెల్లి కుళ్లుతది," అని అత్త చెప్పిన మాట ఆవిడ నాకు చెప్పింది. కోసిన కాడలను నిలువునా చీల్చి, ఎండేసి, మళ్లీ తడిపి, నేలమగ్గం మీద నిలువుగా కట్టిన జనపనార తాళ్ల పడుగులో ఒక్కో కాడనూ అడ్డంగా తొయ్యడం. నేను కొన్నాళ్లు దూరంగా కూర్చుని చూశాను. తర్వాత ఊరుకోలేక పుల్లతో కాడను తోసే పని నేను తీసుకున్నాను. ఆవిడ అచ్చుబల్లతో బిగించేది. వంకరగా తోస్తే నా చేతిమీద ఒక్కటి పడేది.

అలా తోస్తూ ఒకరోజు అడిగాను. "చిన్నమ్మా, చాప ఎంత పొడుగైనా నేస్తావు గదా, ఇంకొంచెం వెడల్పుగా ఎందుకు నెయ్యవు?"

"పొడుగు నా చేతుల ఉన్నది. ఎడల్పు కుంట చేతుల ఉన్నది," అంది. నిజమే. అడ్డంగా పడేది ఒక్క కాడ. కాడ ఎంత పొడుగో చాప అంతే వెడల్పు. ఆ ఏడు కుంట ఎంత ఇస్తే అంతే.

మదీనాగూడ వచ్చిన మొదటి ఏడే నాకు మూడో నెలలో కడుపు పోయింది. మా ఆయన దవాఖానకు పరుగెత్తడం, నేను గోడవైపు తిరిగి పడుకోవడం, అన్నీ అయ్యాయి. రుక్కమ్మ ఓదార్పు మాటలేవీ అనలేదు. ఆవిడకు చేతకాదు. రోజూ జొన్నగటక కాచి తెచ్చి, "తిను, లేకుంటే తలమీద పోస్త," అని నిలబడేది. నేను తిన్నాను. అప్పటినుంచి ఆవిడంటే నాకు ప్రాణం.

మరుసటి ఏడు మళ్లీ నెల తప్పాను. పుట్టింట్లో అమ్మ లేదు గనక పురిటికి వెళ్లే చోటు లేదు. ఇక్కడే, చిన్నమ్మ దగ్గరే అనుకున్నాం. ఐదో నెలలో ఓ మధ్యాహ్నం ఇద్దరం చింతపండు పిక్క తీస్తూ కూర్చున్నాం. ఆవిడ ఉన్నట్టుండి, "బిడ్డను ఏడ పండవెడ్తవు?" అని అడిగింది.

"మధ్యలో. ఇటు నేను, అటు ఆయన. కానీ నీ చాప మా ఇద్దరికే ఇరుకు. ముగ్గురమైతే ఎవరో ఒకరు నేల పాలే," అన్నాను నవ్వుతూ. "ఇల్లు ఇరకాటం, ఆలి మర్కటం అని మా ఆయన ఎలాగూ రోజూ అనుకుంటూనే ఉంటాడు మనసులో."

వేళాకోళానికి అన్న మాట. రుక్కమ్మ నవ్వలేదు. చింతపండు పిసుకుతూ నా పొట్టవైపు చూసి, మళ్లీ ఏమీ అనలేదు. ఏదో ఒకటి అనకుండా ఊరుకోవడం ఆవిడ స్వభావం కాదని నాకు అప్పుడైనా తట్టి ఉండాల్సింది.

కార్తీకం వచ్చింది. కోతకు పోయిన ఆవిడకు సద్ది పట్టుకుని కుంటకు వెళ్లాను. చూస్తే ఆవిడ ముఖం నీళ్లకు ఆనేంత వంగి ఉంది. కొడవలి పట్టిన చెయ్యి మోచేతిదాకా నీళ్లలో ఉంది. ఒడ్డున వేసిన కట్టల్లో కాడలు ఏనాడూ లేనంత పొడుగ్గా, మొదలు దగ్గర తెల్లగా మెరుస్తున్నాయి.

"అదేమిటి చిన్నమ్మా, అంత కిందికి కోస్తున్నావు? జానెడు వదలాలన్నావు గదా!"

"నీళ్లు దీస్తున్నయి, కనవడుతలేదా?" అంది కసురుతూ. "ఇగ వానలు లేవు. ఇంకిన్ని దినాలైతే ఈ మొదళ్లన్నీ నీళ్ల మీదికొస్తయి. ఫికర్ జెయ్యకు."

తప్పు లెక్కేం కాదు. ఏటా కార్తీకం తర్వాత కుంట తగ్గడమే గాని ఎక్కడం ఆ చుట్టుపక్కల ఎవరూ ఎరగరు. ఎందుకు ఆ జానెడు, ఆ కింది జానెడు కావాల్సొచ్చిందో నేను అడగలేదు. మగ్గం మీద పడుగు వేస్తుంటే చూసి నాకు అర్థమైంది. ఆ పడుగు వెడల్పు చూసి మా ఆయన, "ఇదేమిటండీ, పెళ్లిపందిరికా?" అన్నాడు. రుక్కమ్మ నా పొట్టవైపు గడ్డం ఎత్తి చూపించింది. "ముగ్గురికి," అంది. నా కళ్లమ్మట నీళ్లు వచ్చాయి. "ఏడుసుడేంది? పుల్ల దొయ్యి," అంది.

చాప సగానికి వచ్చింది. అప్పుడు ముసురు పట్టింది. మా కోస్తాలో తుఫాను కొట్టిందని పేపర్లో పడింది. ఆ తుఫాను తోకే హైదరాబాదు దాకా ఊగింది. పగలూ రాత్రీ ఒకటే వాన. గుండ్ల మీదనుంచి నీళ్లన్నీ కుంటలోకే దూకాయి. తెరిపి ఇచ్చిన ఉదయం రుక్కమ్మతోపాటు నేనూ కట్ట ఎక్కాను. తుంగ కోసిన చోట ఒక్క మొదలు కూడా కనబడలేదు. అంతా ఎర్రనీళ్లు.

"మీ సముద్రం గీడిదాంక వచ్చిందే సుందరమ్మా," అంది రుక్కమ్మ. మాట తేలిగ్గానే అంది, ముఖం మాత్రం పాలిపోయింది. మా సముద్రం మీద నాకు మొదటిసారి కోపం వచ్చింది.

ఒక దారి ఉంది. కట్టకు తూము ఉంది. తూము తీస్తే నీళ్లు దిగి మొదళ్లు బయటపడతాయి. తూము తీసే పని నీరటి పోచయ్యది. రుక్కమ్మకు వరసకు మరిది అవుతాడు. ఆవిడంటే గౌరవం. కబురు కూడా పెట్టకుండానే గునపం భుజాన వేసుకుని వచ్చి కట్ట మీద నిలబడ్డాడు. "తియ్యమంటవా వదినా?" అని అడిగాడు.

రుక్కమ్మ కట్టకు అటువైపు చూసింది. నేనూ చూశాను. కింద పొలాల్లో వరి కోసి పనలు వేసి ఉన్నాయి. వానకు తడిసినవి తడవగా, జనం ఒక్కో పనా ఎత్తి గట్ల మీద ఆరేసుకుంటున్నారు. తూము తీస్తే ఆ నీళ్లు పోయేది ఆ మళ్లలోకే. ఆడవాళ్లు కొందరు పని ఆపి తలెత్తి కట్టవైపు చూస్తున్నారు.

"తియ్యమను చిన్నమ్మా," అన్నాను నేను. నాకు ఆ పనల కంటే ఆవిడ ముఖమే ముఖ్యం. నేనంతే.

"వొద్దు పోచయ్యా," అంది రుక్కమ్మ. "తప్పు కొడవలిది. ఆళ్ల వడ్లదేముంది?" అని కట్ట దిగి ఇంటికొచ్చేసింది. పోచయ్య గునపం నేలకు ఆనించి చాలాసేపు అక్కడే ఉన్నాడు.

నీళ్లు దిగేసరికి పక్షం దాటింది. మొదళ్లు నల్లబడి, చేత్తో పట్టుకుంటే జారిపోతున్నాయి. కుంట ఒడ్డంతా కుళ్లువాసన. ఆవిడ ఒక దుంప పెళ్లగించి వేలితో నొక్కింది, మెత్తగా దిగిపోయింది. అది పారేసి, చెయ్యి నీళ్లలో కడుక్కుని, మళ్లీ కడుక్కుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఆవిడ తొక్కింది నా కోసం.

ఇంటికొచ్చి మగ్గం మీది సగం చాపను పడుగుతో సహా చుట్టి అటుక మీదికి తోసేసింది. కోసిన కాడలు ఇంకా మిగిలే ఉన్నాయి. పూర్తి చెయ్యమని బతిమాలాను.

"కుంటను సంపి నేసిన చాప మీద నీ బిడ్డను పండవెడ్తనా? నోరు మూసుకో," అంది. మిగిలిన కాడలన్నీ పొయ్యిలో పెట్టేసింది.

మాఘంలో నాకు ఆడపిల్ల పుట్టింది, రత్నమాల. రుక్కమ్మే మంత్రసానిని పిలుచుకొచ్చింది, రుక్కమ్మే పసిదానికి మొదటి స్నానం పోసింది. తన పాత నూలుచీరలు చింపి, మడతలు వేసి, వాటి మీద పడుకోబెట్టింది. పిల్ల హాయిగా నిద్రపోయేది. పిల్లకేం తెలుసు, దాని కోసం ఏం పోయిందో. ఆవిడ ఆ చీరమడత పక్కన కూర్చుని, నేలను అరచేత్తో రాస్తూ ఉండేది.

ఆ తొలకరికి తుంగ మొలవలేదు. అసలు తొలకరే సరిగ్గా రాలేదు. అది డెబ్బై రెండు, కరువు ఏడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఆ ఏడు ఊరంతా తెలుసుకుంది. గుండ్లకుంట పగుళ్లిచ్చింది. కరువు పనుల కింద బొంబాయి రోడ్డు పక్కన కంకర కొట్టిస్తుంటే రుక్కమ్మ సుత్తి పట్టుకుని పోయింది. తుంగ చీల్చి చీల్చి నునుపెక్కిన ఆ వేళ్లు కాయలు కాచాయి. సాయంత్రం వచ్చి పిల్లను ఎత్తుకోబోయి, వేళ్లు గీరుకుంటాయని చేతుల మీదికి కొంగు కప్పుకుని ఎత్తుకునేది.

ఐలయ్య వచ్చాడు. ఈసారి నవ్వుతూ అడగలేదు. అక్క చేతులు చూసి ఏడ్చాడు. "ఇగ సాలక్కా. రా. నీ తమ్ముడు సచ్చిండా?" అన్నాడు. ఆవిడ భయపడే ఆ మరదలి కంచం మొదటిసారి దగ్గరికొచ్చింది. అరచేతులు కొంగులో చుట్టుకుని, "వచ్చే వానాకాలం సూస్త. తుంగ రాకపోతే నువ్వు పిలువకున్నా వస్త," అంది. ఐలయ్య ఆ మాట మీద వెళ్లాడు. చిన్నమ్మ వెళ్లిపోతే నేనెలా బతకాలి అని ఆ రాత్రి మా ఆయనతో దెబ్బలాడాను. ఆయన చేసిన తప్పేం లేదు గాని, ఎదురుగా ఉన్నది ఆయనే.

ఆ ఎండాకాలమంతా పని లేని పొద్దు రుక్కమ్మ ఎండిన కుంటలో తిరిగేది. ఓ ఉదయం నన్ను పిల్లనెత్తుకుని రమ్మంది. పై ఒడ్డున, రెండు గుండ్ల సందులో, గడ్డపారతో తవ్విన గుంత చూపించింది. ఆ సందులో ఎప్పుడూ పొట్టి తుంగ ఉండేది. చాపకు అందదని ఆవిడ ఏనాడూ దాన్ని కొయ్యలేదు. కొయ్యలేదు కనక మునిగినా చావలేదు. మట్టి రాయిలా గట్టిపడింది, దాని లోపల దుంప. గోటితో గీరితే లోపల తెల్లగా ఉంది.

"పండుకున్నది," అంది రుక్కమ్మ గుసగుసగా, పసిదాన్ని లేపకూడదన్నట్టు. "సావలే."

ఇద్దరం తవ్వాం. పిల్ల గుండు నీడలో మట్టి తింటూ కూర్చుంది. తవ్విన దుంపలన్నీ తెచ్చి, కుంట మధ్యకు దిగుతూ వరసగా పగుళ్లలో పెట్టి మట్టి కప్పాం. నీళ్లున్న ఏడైతే అక్కడికి కాలు కూడా పెట్టలేం. కుంట ఎండింది కనకే పెట్టగలిగాం. ఊరంతా వానకోసం మొక్కుతుంటే, ఇంకొన్నాళ్లు ఆగమని నేను మనసులో వానకు మొక్కాను. ఎవరితోనూ అనలేదు, తంతారు.

డెబ్బై మూడు మృగశిరకు వానలు దిగాయి. ఊరు ఊరంతా వీధుల్లోకొచ్చి తడిసింది. రుక్కమ్మ మాత్రం పరేషాన్‌గా కట్ట మీద నిలబడింది. మొలక లేచే లోపలే కుంట ఒక్కసారి నిండితే, ఉన్న దుంపలూ పోతాయి. ఇక మిగిలేది బోరబండే.

పోచయ్య వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాడు. ఈసారి తియ్యమంటావా అని అడగలేదు. తిన్నగా పోయి తూము కొద్దిగా సందు తీశాడు. కింద మళ్లు దున్ని ఉన్నాయి, నారుమళ్లకు నీళ్లు అందరికీ కావాలి. వచ్చిన నీళ్లు వచ్చినట్టు కొంత పోతుంటే కుంట మెల్లగా, అతి మెల్లగా ఎక్కింది. కట్ట నిండనివ్వకుండా తూము తీశావేమని పటేలు అడిగితే, "వానలు షురువైనయి పటేలా, కుంట ఏడికి పోతది?" అన్నాడట. రెండు ముక్కలకు మించి మాట్లాడని మనిషి అంత పొడుగు జవాబిచ్చాడని ఊరంతా చెప్పుకున్నారు.

ఒకనాటి ఉదయం రుక్కమ్మ నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. పొయ్యి మీద పాలు వదిలేసి పోయాను. చీలమండలోతు నీళ్లలో, అక్కడక్కడా, సూదుల్లాంటి ఆకుపచ్చ మొనలు నీటి పైకి వచ్చి ఉన్నాయి. ఆవిడ నీళ్లలోకి దిగి ఒకదాన్ని తెంపకుండానే వేళ్ల మధ్య పట్టుకుంది. "మూడంచులు," అంది. అని కుంట గట్టున కూలబడి ఏడ్చింది. గొంతెత్తి, పెనిమిటి పోయిననాడు ఏడ్చినట్టు ఏడ్చిందని తర్వాత పోచయ్య చెప్పాడు. నేనూ ఏడ్చాను. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

శ్రావణంలో ఐలయ్య అక్క సామాను తీసుకుపోదామని బండి కట్టించుకుని వచ్చాడు. రుక్కమ్మ అతణ్ని కూర్చోనివ్వకుండా చెవి పట్టుకుని కుంటకు తీసుకుపోయింది. అతను నడుము దాటిన తుంగను చూసి, నెత్తి గోక్కుని, "నీ తుంగ పాడుగాను, బండి కిరాయి దండుగైంది గదనే," అని నవ్వాడు. ఖాళీ బండిలో తిరిగి వెళ్తూ, ఇల్లు దాటేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు.

కార్తీకంలో కోత. నీళ్ల మీద జానెడు కాదు, జానా బెత్తెడు వదిలి కోసింది. కాడలు ఎప్పటిలా మామూలు పొడుగు. చీల్చి ఎండేసిన తర్వాత అటుక ఎక్కి, ఆ చుట్టచుట్టిన సగం చాప దించింది. నేను అడ్డం వెళ్లాను.

"అది వద్దు చిన్నమ్మా. ఎందుకు మళ్లీ? కొత్తది మొదలుపెట్టు."

"తప్పు జేసిన," అంది పడుగు విప్పుతూ. "దాన్ని అటుక మీద దాసి ఎన్నేండ్లు బతకాలె? పూర్తి జేస్త. నువ్వు పుల్ల దొయ్యి."

కొత్త కాడలు ఆ పడుగుకు చాలవు. రెండు పక్కలా చివరి తాళ్లు ముడివేసి వదిలేసి, మధ్యలోనే నేసుకుంటూ పోయింది. పూర్తయ్యేసరికి చాప తల దగ్గర వెడల్పుగా, సగం నుంచి ఇరుకుగా తయారైంది. జీవితంలో వంకర చాప అమ్మని మనిషి. అంగడికి పోయే చాపలో ఒక కాడ అటూ ఇటూ అయితే చాప మొత్తం విప్పి మళ్లీ నేసే మనిషి. ఆ వంకర చాపను పట్టపగలు, వాకిట్లో అందరూ చూస్తుండగా దులిపి, మా గదిలో పరిచింది.

మా ఆయన భోజనానికి వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఇదేమిటండీ, తలవైపు వెడల్పు, కాళ్లవైపు ఇరుకూ?"

"తలలు ఎడం ఎడంగ వెట్టుకోండ్రి సారు, ఎవల కలలు ఆళ్లయి," అంది రుక్కమ్మ. "కాళ్లు మాత్రం ఒక్క కాడ ఉండాలె."

రత్నమాల చాప మధ్యకు నడిచి, అక్కడ చతికిలబడి, "అవ్వా, దా," అంది. రుక్కమ్మ రానంది, పనుందంది, కాళ్లకు మట్టి ఉందంది. పిల్ల ఏడుపు లంకించుకుంది. తప్పక వచ్చి, కొంగుతో కాళ్లు తుడుచుకుని, పక్కన ఒరిగింది. వెడల్పు పోయి ఇరుకు మొదలైన చోటును అరచేత్తో ఒకసారి తడిమింది. పిల్ల ఆవిడ చేతిమీద తల పెట్టింది.

పగలు నడుం వాల్చడం ఆవిడ జన్మలో ఎరగదు. ఆ మధ్యాహ్నం ఇద్దరూ ఒకేసారి నిద్రపోయారు. ముగ్గురి కోసం నేసిన చాప మీద వాళ్లిద్దరే సరిపోయారు. నేనూ మా ఆయనా నేలమీద కూర్చుని, చప్పుడు కాకుండా అన్నాలు తిన్నాం.